వార్తలు చదువుతున్నది ఎవరు?

(ప్రసంగ పాఠం)



పెదకాకాని రోడ్డు మీద ఉన్న ఊరు. ఒకవైపు గుంటూరు. ఇంకోవైపు విజయవాడ. గుంటూరులో మిర్చి యార్డు ఉంది. విజయవాడలో రేడియో కేంద్రం ఉంది. పండిన కాయ అటు పోతుంది. కబురు ఇటు నుంచి వస్తుంది.

కాయకు ధర పలకాలంటే సరుకు మంచిదై ఉండాలి. కబురుకు విలువ ఉండాలంటే అది నిజమై ఉండాలి. కాయలో తాలు ఉంటే ఆడవాళ్లు కల్లంలో కూర్చుని ఏరి పక్కన పెడతారు. మరి కబురులో తాలు ఉంటే ఎవరు ఏరాలి? ఎట్లా ఏరాలి?

ఈ రోజు మాట దాని గురించే. రేడియోలో పొద్దున్నే వచ్చే వార్తల గురించి. ఆ వార్తల్లో దొర్లే పొరపాట్ల గురించి.

కల్లంలో రేడియో

మార్చి నెల అనుకోండి. మిరప కల్లం. కాయ ఎర్రగా పరిచి ఉంది. ఇంకో రెండు ఎండలు తగిలితే టిక్కీలకు ఎత్తొచ్చు. రైతు, ఆయన భార్య కల్లం కాపలాకు అక్కడే పడుకున్నారు. తలాపున చిన్న రేడియో ఉంది.

తెల్లవారింది. విజయవాడ వార్తలు వస్తున్నాయి. చివర్న వాతావరణం చెప్పారు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ పోయింది. సగం మాట వినపడింది. సగం పోయింది.

“ఏమయ్యా, ఏమన్నారు?”

“వాన అన్నారు.”

“ఎక్కడ?”

“కోస్తా అన్నారు. కోస్తా అంటే మనమేగా. లే, పట్టాలు కప్పుదాం.”

“కోస్తా అంతా అన్నారా, ఎక్కడన్నా ఒకచోట అన్నారా?”

“అది వినపళ్లా.”

చూశారా! ఆ వినపడని మాటలోనే ఉంది సంగతంతా. వాన రాకుండా పట్టాలు కప్పి ఉంచితే కాయ ఉక్కపోస్తుంది. రంగు చెడుతుంది. బూజు పడుతుంది. కప్పకుండా ఉంటే, వాన వచ్చిందంటే, కాయ తడుస్తుంది. ఎటు పొరపాటు పడినా నష్టం రైతుదే. ఏడాది కష్టం ఒక్క మాట మీద నిలబడి ఉంది.

వాన గురించి చెప్పేటప్పుడు వాతావరణ శాఖ మాటలను లెక్కపెట్టి వాడుతుంది. ఆ మాటలకు అర్థం ఇది. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు వంద ఉన్నాయనుకోండి.

“ఒకటి రెండు చోట్ల” అంటే, వందలో 25 చోట్ల లోపు.
“కొన్ని చోట్ల” అంటే, 26 నుంచి 50 చోట్ల వరకు.
“చాలా చోట్ల” అంటే, 51 నుంచి 75 చోట్ల వరకు.
“దాదాపు అన్ని చోట్ల” అంటే, 76 చోట్ల నుంచి ఆ పైన.

ఈ నాలుగు మాటలు తెలిసినవాళ్లకు వాతావరణ వార్త వేరుగా వినపడుతుంది. “ఒకటి రెండు చోట్ల” అంటే పట్టా దగ్గర పెట్టుకుని ఆకాశం చూస్తూ ఉండొచ్చు. “దాదాపు అన్ని చోట్ల” అంటే ఇక ఆలోచించేది లేదు. కప్పాల్సిందే.

పొద్దు పొడుపు రేడియోతోనే

విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకుముందు కోస్తా జిల్లాలవాళ్లు రేడియోలో తెలుగు వినాలంటే మద్రాసు కేంద్రం మీద ఆధారపడాలి. మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది. నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో ఉండేది. అది 1950లో ఆకాశవాణిలో కలిసింది.

ఆ రోజుల్లో అందరి ఇళ్లలో రేడియోలు లేవు. రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు ఉండాలి. అందుకు పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టాలి. చాలా ఊళ్లలో పంచాయతీ ఆఫీసులో మాత్రమే రేడియో ఉండేది. దానికి మైకు తగిలించేవారు. ఊరు ఊరంతా ఆ మైకు కింద చేరి వినేది. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. బ్యాటరీలు వేస్తే చాలు, పొలానికీ కల్లానికీ చంకన పెట్టుకుపోవచ్చు.

చాలా ఏళ్లపాటు తెలుగు ఇళ్లలో పొద్దుటి క్రమం ఇట్లా ఉండేది. మొదట భక్తి పాటలు. 6 గంటల 45 నిమిషాలకు విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు. 6 గంటల 55 నిమిషాలకు ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు. సరిగ్గా 7 గంటలకు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. సంస్కృతంలో వార్తలు చెప్పడం 1974లో మొదలైంది. ఆ భాష అందరికీ అర్థమయ్యేది కాదు. కానీ ఒక్క సంగతి మాత్రం అందరికీ అర్థమయ్యేది. ఏడు కావస్తోంది, పిల్లల్ని లేపాలి! గడియారం లేని ఇంట్లో రేడియోనే గడియారం.

పది నిమిషాల వెనక ఎంత పని

వార్తలు వచ్చేది ఐదు నిమిషాలు, కాదంటే పది నిమిషాలు. కానీ దాని వెనక ఎంతోమంది పని ఉంటుంది.

జిల్లాల్లో విలేకరులు ఉంటారు. వాళ్లు తమ జిల్లా కబుర్లు పంపుతారు. పి.టి.ఐ., యు.ఎన్.ఐ. లాంటి వార్తా సంస్థలు దేశం నలుమూలల కబుర్లు పంపేవి. వెనకటికి ఇవి టెలిప్రింటరు అనే యంత్రం మీద టకటకమంటూ కాగితం మీద పడేవి. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి.

వచ్చిన కబుర్లన్నీ చెప్పడానికి టైము చాలదు. అందుకని సంపాదకుడు ఏరతాడు. ఏది ముందు, ఏది వెనక, ఏది వద్దు అని తేలుస్తాడు. ప్రభుత్వం ఏం నిర్ణయించింది? అసెంబ్లీలో ఏం జరిగింది? కాలవలకు నీళ్లు ఎప్పుడు వదులుతారు? ఎరువులు వచ్చాయా? ఎక్కడన్నా ప్రమాదం జరిగిందా? ఆటల్లో ఎవరు గెలిచారు? వాతావరణం ఎట్లా ఉంటుంది? రోజూ ఇవన్నీ ఆ పది నిమిషాల్లోనే ఇమడాలి.

ఢిల్లీలో తెలుగు వార్తలు చదివేవారికి ఇంకో పని కూడా ఉండేది. కబురు ఇంగ్లీషులో చేతికి వచ్చేది. దాన్ని వాళ్లే గబగబా తెలుగు చేసుకోవాలి. తర్వాత వాళ్లే చదవాలి. జోలెపాళ్యం మంగమ్మ గారు అట్లా ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన మొదటి మహిళ. అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ వంటి పేర్లు కూడా రేడియో విన్నవాళ్లకు బాగా తెలిసినవే. వాళ్ల మొహం ఎవరూ చూడలేదు. కానీ పేరు చెప్పకముందే గొంతు పట్టి ఫలానా అని పోల్చుకునేవారు.

చదివే గదిని స్టూడియో అంటారు. బయట చప్పుడు లోపలికి రాకుండా దాన్ని కడతారు. ఎర్ర దీపం వెలిగిందంటే మైకు తెరిచినట్టు. ఇక లోపల దగ్గినా వినపడుతుంది. కాగితం గరగరలాడినా వినపడుతుంది.

వార్తలకు ముందు ముఖ్యాంశాలు చెబుతారు. ఆ తర్వాత వివరాలు చెబుతారు. చివర్న మళ్లీ ముఖ్యాంశాలు చెబుతారు. ఎందుకు రెండుసార్లు? పుస్తకం అయితే పేజీ వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. రేడియో మాట గాలిలో కలిసిపోతుంది. మొదట్లో పొయ్యి దగ్గర ఉండి విననివాళ్లు చివర్న అయినా వింటారు. అందుకని రెండుసార్లు.

ఒక్క ఏత్వం

ఇంత జాగ్రత్తగా చేసినా పొరపాట్లు దొర్లుతాయి. ఎట్లా?

అక్షరాలు నేర్చుకున్నవాళ్లకు ఎత్వం, ఏత్వం తేడా తెలుసు. పె అంటే పొట్టి. పే అంటే పొడుగు. ఇంగ్లీషులో ఆ తేడా కనపడదు. పెద, పేద, పెడ ఈ మూడు మాటలనూ ఇంగ్లీషులో ఒక్క తీరుగానే రాస్తారు. పెదకాకాని అన్న పేరు ఇంగ్లీషు కాగితం మీద ఢిల్లీకి పోయిందనుకోండి. ఈ ఊరు ఎరగని మనిషి దాన్ని పేదకాకాని అని చదవొచ్చు. పెదకాకాని వాళ్లకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది! ఒక్క ఏత్వంతో పెద్ద ఊరు పేద ఊరు అయిపోయింది.

అంకెలతో ఇంకా చిక్కు. వంద అనబోయి వెయ్యి అంటే ధర తారుమారు అవుతుంది. తారీకు ఒకటి అటూ ఇటూ అయితే రైతు బస్సెక్కి వెళ్లేసరికి యార్డుకు సెలవు ఉంటుంది.

ఇంకా చిన్న చిన్నవి ఉంటాయి. చదివే కాగితాల్లో ఒక పేజీ ముందు వెనకలవుతుంది. గొంతులో గరగర వస్తుంది. వెనకటికి వేయాల్సిన టేపు బదులు ఇంకో టేపు వేసేవారు. ఢిల్లీ లైను మధ్యలో తెగేది. అప్పుడు “అంతరాయానికి చింతిస్తున్నాం” అనేవారు. మాట తప్పు పలికితే “క్షమించాలి” అంటారు. వెంటనే సరైన మాట పలికి ముందుకు పోతారు.

ఈ “క్షమించాలి” అన్న మాటను గుర్తుపెట్టుకోండి. చివర్న దీనితో పని ఉంది.

వార్తలు లేని రోజు, నవ్వు ఆగని రోజు

ఇట్లాంటివి ఆకాశవాణికే కాదు, ఎక్కడైనా జరుగుతాయి. ఇంగ్లండు దేశంలో బి.బి.సి. అనే రేడియో సంస్థ ఉంది. 1930 ఏప్రిల్ 18న అక్కడ ఒక వింత జరిగింది. ఆ రోజు గుడ్ ఫ్రైడే. సాయంత్రం వార్తల టైము అయింది. చదివే ఆయన మైకు ముందుకు వచ్చి, ఈ రోజు వార్తలు లేవని చెప్పాడు. మిగిలిన టైములో పియానో వాయిద్యం వినిపించారు!

ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ అందులో ఒక నిజాయితీ ఉంది. చెప్పడానికి ఏమీ లేనప్పుడు వాళ్లు ఏదో ఒకటి కల్పించి చెప్పలేదు.

అదే బి.బి.సి.లో 2008 మార్చి 28న పొద్దుటి వార్తల్లో ఇంకోటి జరిగింది. 1860లో పట్టిన ఒక మనిషి పాటను వినిపించారు. ప్రపంచంలో మనిషి గొంతు పట్టిన అతి పాత రికార్డుల్లో అది ఒకటి. అది సరిగా వినపడదు. సీసాలో తేనెటీగ గీపెట్టినట్టు ఉందని స్టూడియోలో ఎవరో గుసగుసలాడారు. వార్తలు చదువుతున్న షార్లెట్ గ్రీన్ అనే ఆమెకు నవ్వు ఆగలేదు. అంతలో చదవాల్సిన తర్వాతి వార్త ఏమిటి? ఒక సినిమా రచయిత చనిపోయిన వార్త! చావు వార్త చదువుతూ ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆమె మీద చాలామందికి కోపం రాలేదు. ఎందుకంటే ఆమె ఏళ్ల తరబడి నిదానంగా, సరిగా చదివిన మనిషి. ఒక్క రోజు నవ్వితే ఆ నమ్మకం పోలేదు. పొరుగింటి ఆమె ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువ వేస్తే ఆమెకు వంట రాదని ఎవరన్నా అంటారా?

బతికున్న మనిషికి సంతాపం

కానీ అన్ని పొరపాట్లూ నవ్వి ఊరుకునేవి కావు.

1979 మార్చి 22. జయప్రకాశ్ నారాయణ్ గారు బొంబాయిలో జస్లోక్ ఆసుపత్రిలో ఉన్నారు. దేశమంతటికీ తెలిసిన పెద్దమనిషి. ఆయన చనిపోయారని ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి లోక్‌సభలో చెప్పారు. సభ సంతాపం తెలిపి వాయిదా పడింది. ఆకాశవాణి ఆ వార్త చెప్పింది. విషాద సంగీతం వినిపించింది. దేశంలో ఎంతోమంది ఏడ్చారు.

కానీ జయప్రకాశ్ గారు బతికే ఉన్నారు! తర్వాత ఆ సంగతి తెలిసింది. వార్తను సరిదిద్దారు. ఆయన నిజంగా కన్నుమూసింది 1979 అక్టోబరు 8న. అంటే ఆరు నెలల తర్వాత.

ఇక్కడ తప్పు ఎక్కడ జరిగింది? మాట చెప్పింది దేశ ప్రధాని. చెప్పింది లోక్‌సభలో. అంతకంటే పెద్ద నోరు ఏముంటుంది? అయినా ఆసుపత్రిలో డాక్టరును అడిగి ఉంటే నిజం తెలిసేది. చెప్పింది ఎంత పెద్దవారన్నది ఒక్కటే చూస్తే చాలదు. దగ్గర ఉండి చూసింది ఎవరు? అది అడగాలి.

ఆలస్యం కూడా తప్పే

తొందరపడటం ఒక తప్పు. దాచిపెట్టడం ఇంకో తప్పు.

1984 అక్టోబరు 31 పొద్దున ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మీద ఢిల్లీలో ఆమె ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఆమె చనిపోయారని బి.బి.సి. ముందే చెప్పింది. ఆకాశవాణి సాయంత్రం 6 గంటలకు గాని చెప్పలేదు. మన దేశం కబురును దేశం జనం పరాయి దేశం రేడియోలో వినాల్సి వచ్చింది.

అంతకుముందు 1975లో అత్యవసర పరిస్థితి వచ్చింది. ఆ సంగతిని జూన్ 26 పొద్దున్నే ఇందిరాగాంధీ రేడియోలోనే చెప్పారు. అప్పట్నుంచి పత్రికల మీద ఆంక్షలు పెట్టారు. రేడియో అయితే అప్పటికే ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ కాలంలో కూడా నిజం కోసం చాలామంది బి.బి.సి. తిప్పుకున్నారు. రేడియో ప్రభుత్వం చేతిలోనే ఉండకూడదన్న మాట అప్పట్నుంచి గట్టిపడింది. 1990లో ప్రసార భారతి చట్టం చేశారు. 1997లో ప్రసార భారతి సంస్థ ఏర్పడింది. ఆకాశవాణి అందులో భాగం అయింది.

నిజం ఆలస్యమైతే ఏమవుతుంది? ఖాళీ చేలో కలుపు మొలిచినట్టు, ఖాళీ చోట పుకారు మొలుస్తుంది.

ఉప్పెన నేర్పిన పాఠం

కబురు అందడం, అందకపోవడం అంటే ఏమిటో కృష్ణా, నాటి ఉమ్మడి గుంటూరు జిల్లాల తీరం ఎరుగును.

1977 నవంబరు 19న దివిసీమ మీద తుపాను విరుచుకుపడింది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. దాదాపు పది వేలమంది చనిపోయారు. తుపాను వస్తోందని వాతావరణ శాఖకు తెలుసు. కానీ సముద్రమే ఊళ్లోకి వస్తుందని, ఇల్లు విడిచి పోవాలని, ఊరూరికీ మనిషి మనిషికీ తెలియలేదు. తుపాను అంటే గాలీవానే కదా అనుకుని చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు.

1990 మే 9న అదే తీరం మీద మళ్లీ పెద్ద తుపాను వచ్చింది. అదీ చిన్నది కాదు. కానీ ఈసారి హెచ్చరికలు ముందుగా అందాయి. రేడియో పదే పదే చెప్పింది. అధికారులు లక్షలమందిని ముందే కదిలించారు. ఆస్తి నష్టం చాలా జరిగింది. కానీ చనిపోయినవారు వెయ్యి లోపు. అదీ తక్కువేం కాదు. ప్రతి ప్రాణమూ ఒక ఇంటి దీపమే. కానీ పది వేలెక్కడ, వెయ్యి ఎక్కడ!

ఒకే సముద్రం. ఒకే తీరం. మార్పు వచ్చింది కబురులో. కబురు ముందుగా, స్పష్టంగా, ఏం చేయాలో చెప్పేట్టు వచ్చింది. జనం దాన్ని నమ్మి కదిలారు.

తుపాను రోజుల్లో “మచిలీపట్నం, నిజాంపట్నం ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద సూచిక” అని వార్తల్లో వింటుంటారు. ఆ నంబర్లు 1 నుంచి 11 వరకు ఉంటాయి. 1 అంటే ప్రమాదం దూరాన సముద్రంలో ఉంది. 10 అంటే మహా ప్రమాదం. మరి 11 ఏమిటి? తుపాను హెచ్చరిక కేంద్రంతో మాట తెగిపోయిందని అర్థం. అంటే కబురు తెగిపోవడం అన్నిటికంటే పెద్ద నంబరు! ఆలోచించాల్సిన సంగతి ఇది.

పేరు లేని కబురు

ఇప్పుడు రేడియో సెల్‌ఫోనులో కూడా వస్తుంది. టీవీ ఉంది. పేపరు ఉంది. వీటన్నిటికంటే ముందు వాట్సప్ కబురు వస్తుంది. అది ఎవరు రాశారు? తెలియదు. ఎక్కడ మొదలైంది? తెలియదు. “మా బావ పంపాడు” అంటారు. ఆ బావకు ఎవరు పంపారు? వాళ్ల బావమరిది!

2020 ఫిబ్రవరిలో, మార్చిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కోడిమాంసం తింటే కరోనా వస్తుందని ఫోన్లలో కబురు తిరిగింది. అది నిజం కాదు. అయినా జనం భయపడి కోడి కొనడం మానేశారు. ధర పడిపోయింది. కోళ్ల ఫారాలవాళ్లు నిండా మునిగారు. భయం పోగొట్టడానికి హైదరాబాదులో మంత్రులు వేదిక మీదే కోడి కూర తిని చూపించారు. అయితే ఆ కబురు పుట్టించినవాడు వచ్చి “క్షమించాలి” అన్నాడా? అనలేదు. వాడి పేరే ఎవరికీ తెలియదు.

తేడా అక్కడే ఉంది. రేడియోలో మొట్టమొదట ఏం చెబుతారు? “వార్తలు చదువుతున్నది ఫలానా” అని పేరు చెబుతారు. ఆ తర్వాతే వార్త చెబుతారు. అంటే ఈ మాటకు పూచీ ఉందని చెప్పడం. తప్పు దొర్లితే అదే గొంతు “క్షమించాలి” అంటుంది. పెద్ద తప్పు జరిగితే తర్వాతి వార్తల్లో సరిదిద్దుతారు. రేడియో తప్పు చెప్పదని కాదు. తప్పు చెప్పినప్పుడు అడగడానికి ఒక పేరు, ఒక చోటు ఉన్నాయి.

అప్పు పత్రం మీద సంతకం లేకపోతే ఎవరన్నా డబ్బిస్తారా? పేరు లేని కబురు కూడా సంతకం లేని పత్రం లాంటిదే.

మరి ఏం చేయాలి?

తాలు కాయ ఏరినట్టే తాలు కబురును ఏరొచ్చు. అందుకు పెద్ద చదువులు అక్కర్లేదు. ఐదు పనులు చేస్తే చాలు.

1. చెప్పింది ఎవరో చూడండి. పేరు లేకపోతే నమ్మకండి. ఇంకొకరికి పంపకండి.

2. మొదలుపెట్టి చివరిదాకా వినండి. సగం విన్న వార్త సగం ఎండిన కాయ లాంటిది. దాన్ని నిలవ పెడితే చెడుతుంది.

3. అంకెలు, తారీకులు, ఊళ్ల పేర్లు వినగానే రాసుకోండి. గోడ మీద బొగ్గుతో రాసినా సరే. ఇప్పుడు రాయడం వచ్చు కదా!

4. ఇంకోచోట సరిచూసుకోండి. రేడియోలో విన్నదాన్ని పేపరులో చదవండి. ధర అయితే యార్డులో అడగండి. జబ్బు సంగతి అయితే డాక్టరును అడగండి.

5. తప్పు వినపడితే ఊరుకోకండి. ఒక కార్డు ముక్క రాయండి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం పున్నమ్మతోటలో ఉంది. “మా ఊరు పేదకాకాని కాదు, పెదకాకాని” అని రాసే హక్కు మీకు ఉంది. రాసేవాళ్లు ఉంటేనే చదివేవాళ్లు జాగ్రత్తగా ఉంటారు.

ఇంకో మాట. సరిదిద్దుకోవడం రేడియోవాళ్ల ఒక్కరి పని కాదు. రచ్చబండ దగ్గర మీరొక మాట చెప్పారు. అది తప్పని తర్వాత తెలిసింది. అప్పుడు మళ్లీ అక్కడికే పోయి “క్షమించాలి, నేను చెప్పింది తప్పు” అనాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు. రోజూ లక్షలమంది వినే గొంతే ఆ మాట అనగా లేంది, పదిమంది వినే గొంతు అంటే తప్పేముంది?

మళ్లీ ఆ కల్లం దగ్గరికి పోదాం. సంస్కృత వార్తలు అయిపోయాయి. ఏడు గంటల వార్తలు మొదలయ్యాయి. ఈసారి రైతు భార్య రేడియోను చెవి దగ్గర పెట్టుకుంది. చేతిలో పెన్సిలు ముక్క ఉంది. చివరిదాకా విన్నది. విన్న మాటను బస్తా చీటీ వెనక రాసింది.

“కోస్తాలో ఒకటి రెండు చోట్ల అన్నారయ్యా. అంతటా కాదు.”

“అయితే పట్టాలు తీద్దామా?”

“తీద్దాం. ఎండ తగలనీ. పట్టాలు మాత్రం దగ్గరే పెట్టుకుందాం. మబ్బు వస్తే కప్పుదాం.”

వార్త వినడం అంటే ఇదే. వింటూ భయపడటం కాదు. విని, చదివి, సరిచూసుకుని, చేయాల్సింది తేల్చుకోవడం. అక్షరం చేతికొచ్చినవాళ్లను తాలు కబురు మోసం చేయలేదు.



ఆలోచించండి, చెప్పండి

1. “ఒకటి రెండు చోట్ల”, “చాలా చోట్ల” అన్న మాటలకు తేడా ఏమిటి?
2. 1979లో జయప్రకాశ్ నారాయణ్ గారి గురించి తప్పు వార్త ఎట్లా వచ్చింది? ఎవరిని అడిగి ఉంటే నిజం తెలిసేది?
3. తుపాను సూచికల్లో 11వ నంబరుకు అర్థం ఏమిటి?
4. మీ ఊళ్లో పేరు లేని కబురు వల్ల ఎవరికన్నా నష్టం జరిగిందా? ఐదు వాక్యాల్లో రాయండి.
5. రేపు పొద్దున వార్తలు వినండి. అందులో మూడు ముఖ్యాంశాలు రాసి, మీ వాళ్లకు చదివి వినిపించండి.